సూది ఆదోని వైపు, నిపుణుడు కర్నూలులో: ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: ఏ పని, ఎవరి బాధ్యత

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన మనిషి ఆయాసంతో ముందు వెళ్లేది దగ్గరున్న చిన్న ఆసుపత్రికే. క్షయ కావచ్చు, ముదిరిన నెమ్ము కావచ్చు, గుండె జబ్బో క్యాన్సరో కావచ్చు. కొంత నీరు తీస్తే ఊపిరి ఆడుతుంది. తీసిన నీటిని ల్యాబ్‌కు పంపితే రోగం బయటపడుతుంది. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. ఆయాసపడే మనిషిని అంత దూరం బండిలో పంపే బదులు, కర్నూలులోని ఛాతీ నిపుణుడి చూపు, మాట ఇక్కడి మంచం దగ్గరికి తేవడమే ఈ ప్రాజెక్టు. ఆదోని డివిజన్‌లోని ఒక చిన్న ఆసుపత్రి ప్రొసీజర్ గదికీ, కర్నూలు నగరంలో నిపుణుడు కూర్చునే గదికీ మధ్య ఎప్పుడూ సిద్ధంగా ఉండే లింకు. ఇక్కడి డ్యూటీ డాక్టరు అల్ట్రాసౌండ్ స్కాన్ చూస్తూ సూది దింపుతారు. అక్కడి నిపుణుడు అదే స్కాన్‌నీ, అదే చేతినీ ఒకేసారి చూస్తూ దారి చెబుతారు.

ముందు నీరు తీయడంతోనే మొదలుపెట్టడానికి గట్టి కారణం ఉంది. మధ్యలో లైను తెగితే సూది వెనక్కి తీసేసి, గాజ్ అదిమిపెట్టి, ఆక్సిజన్ చూసుకుంటూ ఆగిపోవచ్చు. లైను తెగిన క్షణంలో అక్కడున్న డాక్టరు ఒంటరిగా, ప్రమాదం లేకుండా ఆపలేని పనిని లింకు మీద అసలు మొదలుపెట్టకూడదు. ఈ డైరీలో వైరు, కెమెరా, మాట, దేని నిర్ణయమైనా ఈ ఒక్క నియమం నుంచే వచ్చింది.

బాధ్యత సంగతి కూడా మొదటి వారమే రాసుకున్నాం. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాల ప్రకారం ఒక డాక్టరు తన రోగి కోసం మరో డాక్టరును దూరం నుంచి సంప్రదించవచ్చు. కానీ చికిత్స చేసే డాక్టరు సలహా అడిగినవారే, చికిత్స బాధ్యతా వారిదే. అంటే "కర్నూలు సార్ చెప్పారు కాబట్టి చేశాను" అనే మాట చెల్లదు. ఇక్కడి డాక్టరుకు ఏ అడుగు దగ్గరైనా "నేను ఆపేస్తున్నాను" అనే హక్కు ఉంది, అందుకు కారణం అప్పటికప్పుడు చెప్పనక్కర్లేదు. ఇది కాగితం మీద రాసి, రెండు గదుల్లోనూ గోడకు అంటించాం.

మన రాష్ట్రంలో డాక్టరు నుంచి డాక్టరుకు సలహా అందించే ఈ-సంజీవని 2019 నవంబరు నుంచే నడుస్తోంది. ఓపీ సలహాలకు అది చక్కగా సరిపోతుంది. చేతిలో సూది ఉన్నప్పుడు కావలసింది వేరు: రెండు చిత్రాలు ఒకే క్షణానివి కావాలి, చేతులు ఖాళీ లేకుండా మాట్లాడగలగాలి.

స్కాన్ యంత్రం జోలికి వెళ్లేటప్పుడు లింగ నిర్ధారణ నిషేధ చట్టాన్ని మరవకూడదు. యంత్రం నమోదైన ఆవరణ దాటకూడదు. గర్భిణుల స్కాన్‌ను ఈ లింకు పరిధిలోంచి పూర్తిగా తీసేశాం. గర్భిణి స్కాన్ జరిగేటప్పుడు యంత్రం నుంచి వచ్చే వీడియో వైరు పీకి పక్కన వేలాడదీస్తారు, అది కంటికి కనిపించాలి.

జూన్ మూడో వారం: కరెంటు, ఎర్తు

ఆసుపత్రి గదిలో కంప్యూటరు పెట్టడం ఇంట్లో పెట్టినంత తేలిక కాదు. రోగికి తగిలే స్కాన్ ప్రోబ్, దాని యంత్రం, యంత్రం నుంచి హెచ్‌డీఎంఐ తీగ, ఆ తీగ చివర మామూలు కంప్యూటరు, దాని మామూలు అడాప్టరు: ఇవన్నీ కలిస్తే రోగి శరీరం దాకా ఒక లోహపు దారి ఏర్పడుతుంది. వైద్య పరికరాల ప్రమాణం ఐఈసీ 60601-1 ప్రకారం మామూలు స్థితిలో తాకుడు కరెంటు (పరికరాన్ని తాకితే శరీరంలోకి పారే కరెంటు) 100 మైక్రోఆంపియర్లకు మించకూడదు. చౌక అడాప్టర్లకు ఆ హామీ లేదు. రోగి చుట్టూ 1.5 మీటర్ల లోపల మెయిన్స్ మీద నడిచే మామూలు పరికరం ఉండకూడదన్నది మొదటి జాగ్రత్త.

రెండు పనులు చేశాం. కంప్యూటరు, తెర, స్పీకరు అన్నింటినీ మెయిన్స్‌తో నేరుగా తీగ సంబంధం లేకుండా వేరు చేసే 500 వీఏ మెడికల్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదికి మార్చి, గోడవారగా రోగికి 3 మీటర్ల దూరంలో పెట్టాం. స్కాన్ యంత్రం నుంచి కంప్యూటరుకు రాగి తీగ బదులు 15 మీటర్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాం. కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. బజారులో ఆప్టికల్ అని అమ్మే కేబుళ్లలో చాలావాటిలో చిత్రం మాత్రమే గాజు పోగుల్లో వెళ్తుంది, మిగతా సంకేతాలకు సన్నని రాగి తీగలు లోపల ఉంటాయి. అలాంటిది విద్యుత్తును వేరు చేయదు. రెండు చివరల లోహపు కవచాల మధ్య మల్టీమీటరుతో కంటిన్యుటీ (లోహపు దారి కలిసి ఉందా అన్నది) చూస్తే వెంటనే తెలుస్తుంది: బీప్ వస్తే అది మన పనికి రాదు. బీప్ రాకపోయినా లోపలి తీగలు ఉండవచ్చు, కాబట్టి రాగి అసలే లేని రకమని డేటాషీట్‌లో రాసి ఉన్నదే తీసుకోవాలి. స్కాన్ యంత్రం పోర్టబుల్ అయితే, ప్రొసీజర్ జరిగినంత సేపూ దాన్ని బ్యాటరీ మీద నడపడం అదనపు రక్షణ.

ఎర్తు గురించి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా రాయాలి. వేసవిలో నేల ఎండి ఎర్తు గుంత నిరోధం పెరిగిపోతుంది. అప్పుడు స్పీకరులో గుయ్ మని 50 హెర్ట్జ్ హోరు, స్కాన్ తెర మీద అడ్డగీతలు. చాలామంది కేబుళ్లు మారుస్తారు, రోగం అక్కడ ఉండదు. ఎర్త్ టెస్టరుతో గుంత నిరోధం కొలిచి, 5 ఓములకు మించితే గుంతలో నీళ్లు పోయించి, బొగ్గు, ఉప్పు లేదా బెంటోనైట్ నింపించాలి. ప్లగ్ దగ్గర న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి 2 వోల్టుల లోపు ఉంటే హోరు సాధారణంగా పోతుంది.

యూపీఎస్ 1 కేవీఏ ఆన్‌లైన్ రకం, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలు మూడు. కాగితం మీద 252 వాట్ అవర్లు. కంప్యూటరు, తెర, కెమెరా, రూటరు కలిపి 150 వాట్లు లాగితే గంటన్నర రావాలి అనిపిస్తుంది. రాదు. ఇంత వేగంగా లాగినప్పుడు ఆ బ్యాటరీ తన సామర్థ్యం మొత్తం ఇవ్వదు, 40 నుంచి 50 నిమిషాలే లెక్కలోకి తీసుకోవాలి. వేడి వల్ల బ్యాటరీ త్వరగా పాడవుతుంది కూడా: ఈ రకం బ్యాటరీకి ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ ఆయుష్షు దాదాపు సగం పడిపోతుంది. కాబట్టి యూపీఎస్‌ను మెట్ల కింది మూసిన గూట్లో పెట్టకూడదు. ఇంటర్నెట్ పెట్టె ఎక్కడో రిసెప్షన్‌లో ఉండి, దానికి యూపీఎస్ లేకపోతే ఇదంతా వృథా. దానికి వేరే చిన్న యూపీఎస్ పెట్టించాం.

జూలై మొదటి వారం: రెండు చిత్రాలు, ఒక తెర

నిపుణుడికి రెండూ కావాలి. స్కాన్‌లో నీరు, డయాఫ్రం (ఛాతీకీ కడుపుకూ మధ్య కండరపు పొర), ఊపిరితిత్తి అంచు కనిపించాలి. ప్రోబ్ ఎక్కడుందో, ఏ వాలులో పట్టుకున్నారో, సూది ఎక్కడ గుచ్చుతున్నారో కూడా కనిపించాలి. ఒకటి చూపి మరొకటి చూపకపోతే సలహా సగం ఊహ అవుతుంది.

మామూలుగా చేసే పద్ధతి రెండు వేర్వేరు వీడియోలు పంపడం. ఇక్కడే తేడా కొడుతుంది. రెండు వీడియోలు రెండు దారుల్లో రెండు ఆలస్యాలతో వెళ్తాయి. చేతి చిత్రంలో ప్రోబ్ ఇప్పటికే పక్కకు జరిగి ఉంటుంది, స్కాన్ మాత్రం పాత చోటునే చూపిస్తూ ఉంటుంది. నిపుణుడు ఆ స్కాన్‌ను ఈ చోటుదే అనుకుని "ఇక్కడే గుచ్చండి" అంటే అది తప్పు చోటు. అందుకే రెండింటినీ ఇక్కడే కలిపి, ఒకే చట్రంగా పంపుతున్నాం. వీడియోలు కలిపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోలో 1920x1080 చట్రం: ఎడమవైపు 1280x960లో స్కాన్, కుడివైపు మిగిలిన 640 పిక్సెళ్ల వెడల్పులో చేతి కెమెరా, అడుగున 120 పిక్సెళ్ల పట్టీ. లైనులో ఎంత ఆలస్యమైనా రెండూ కలిసే ఆలస్యమవుతాయి.

ఇక్కడి లోపలే రెండింటి ఆలస్యం ఒకటి కాదు. స్కాన్ వీడియోను కంప్యూటరులోకి తీసుకునే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు ఒక ఆలస్యం, కెమెరాకు మరొకటి. సరిచేసే పద్ధతి సులువు: ప్రోబ్ మీద జెల్ రాసి, వేలితో టక్కుమని తట్టండి. చేతి చిత్రంలో వేలు తగిలిన ఫ్రేమూ, స్కాన్‌లో మెరుపు వచ్చిన ఫ్రేమూ మధ్య తేడా లెక్కబెట్టి, ముందొచ్చే చిత్రానికి ఓబీఎస్‌లో అంత ఆలస్యం కలపాలి. సెకనుకు 30 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము తేడా ఉన్నా ఫరవాలేదు, నాలుగైదు ఉండకూడదు. క్యాప్చర్ కార్డు మార్చినా, యూఎస్‌బీ పోర్టు మార్చినా మళ్లీ తట్టి చూడాలి.

అడుగు పట్టీలో సెకన్ల గడియారం నడుస్తూ ఉంటుంది. దీనికి చాలా ప్రాధాన్యం ఇచ్చాం. నెట్ ఆగిపోయినప్పుడు తెర నల్లబడదు, చివరి ఫ్రేము అలాగే నిలబడిపోతుంది. స్కాన్ చిత్రం ఎలాగూ నెమ్మదిగా కదిలేదే కాబట్టి, నిలిచిన చిత్రాన్ని నడుస్తున్నదని నిపుణుడు పొరబడే ప్రమాదం నిజంగా ఉంది. గడియారం కదలకపోతే లైను ఆగింది. గడియారం కదులుతూ స్కాన్ కదలకపోతే, ఇక్కడ ఎవరో యంత్రం మీద ఫ్రీజ్ నొక్కారు. ఈ రెండూ కంటితో విడదీయగలగాలి.

స్కాన్ తెర పైభాగంలో రోగి పేరు, వయసు, నంబరు ఉంటాయి. ఆ పట్టీని ఓబీఎస్‌లో కత్తిరించేశాం. చేతి కెమెరాలో రోగి మొహం రాకుండా ఫ్రేము బిగించాం. రికార్డింగ్ డిఫాల్టుగా ఆఫ్. బోధనకు కావాలంటే వేరుగా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.

చేతి కెమెరాను నేరుగా పైన కట్టడం చూడటానికి బాగుంటుంది, వాడటానికి బాగోదు. డాక్టరు ముందుకు వంగగానే తెరంతా తలే. రోగిని కూర్చోబెట్టి వీపు వైపు నుంచి గుచ్చుతారు కాబట్టి, డాక్టరు సూది పట్టే చేతికి ఎదురు వైపు, భుజం ఎత్తులో, 45 డిగ్రీల వాలులో, 70 సెంటీమీటర్ల దూరంలో గోడ ఆర్మ్ మీద పెడితే చేయి అడ్డు రాదు. స్టెరైల్ గుడ్డలకు ఎక్కడా తగలదు. ఆర్మ్‌ను ప్రతి కేసు తర్వాత 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి, లెన్సును వేరే గుడ్డతో.

కెమెరా సెట్టింగులన్నీ మాన్యువల్. ఆటో ఎక్స్‌పోజర్ పెడితే ముదురు ఆకుపచ్చ గుడ్డను చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, మధ్యలో రంధ్రం దగ్గర చర్మం తెల్లగా కాలిపోతుంది, మార్కు గీత కనిపించదు. షట్టరు 1/50 లేదా 1/100 ఉండాలి. చాలా వెబ్ కెమెరాలు 60 హెర్ట్జ్ కరెంటు దేశాల లెక్కతో వస్తాయి, మన 50 హెర్ట్జ్ దీపాల కింద తెర మీద నీడ పట్టీలు పాకుతాయి. వైట్ బ్యాలెన్స్‌ను గదిలోని దీపం కింద తెల్ల కాగితం పెట్టి బిగించేయాలి. తీసిన నీరు గడ్డి రంగా, ఎరుపు కలిసిందా, చీములా ఉందా అన్నది నిపుణుడు రంగు చూసే చెబుతారు. వైట్ బ్యాలెన్స్ దారి తప్పితే ఆ మాటా దారి తప్పుతుంది.

జూలై మూడో వారం: లైను

వేగం లెక్క. మనం పంపే చిత్రానికి 4 ఎంబీపీఎస్, నిపుణుడి వైపు నుంచి వచ్చే చిన్న చిత్రానికి అర ఎంబీపీఎస్, మాటకు వందలోపు కేబీపీఎస్. గంటకు సుమారు 2 జీబీ. ప్రకటనల్లో కనిపించే వేగం డౌన్‌లోడ్‌ది, మనకు కావలసింది అప్‌లోడ్. రద్దీ వేళ కొలిచినా కనీసం 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలబడాలి. దానికంటే ముఖ్యం, ఆసుపత్రిలో ఇంకెవరో పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే మన ఆలస్యం ఎంత పెరుగుతుంది అన్నది. రూటరులో ప్రొసీజర్ కంప్యూటరుకు మొదటి ప్రాధాన్యం పెట్టి, మొత్తం అప్‌లోడ్‌ను అసలు వేగంలో 90 శాతానికి కట్టేస్తే ఎక్స్‌రే ఫైళ్లు ఎక్కుతున్నా మాట తెగదు. వైఫై ససేమిరా వద్దు. గోడ వెంబడి క్యాట్-6 తీగ వేయించాం.

దూరం తక్కువైతే ఆలస్యం తక్కువ అనుకోవడం పొరపాటు. ఆదోని దగ్గర ఒక కంపెనీ లైను, కర్నూలులో మరో కంపెనీ లైను ఉంటే డేటా హైదరాబాదో చెన్నైయో తిరిగి వస్తుంది. ట్రేస్‌రూట్ చేస్తే దారి కనిపిస్తుంది. రెండు చోట్లా ఒకే కంపెనీ లైను తీసుకోవడం చాలాసార్లు వేగం పెంచడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. రెండు గదులూ నేరుగా కలవలేకపోవడం మరో చిక్కు. ఇప్పటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలామందికి సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు, వందల ఇళ్లకు కలిపి ఒకటే. అప్పుడు మధ్యవర్తి టర్న్ సర్వరు కావాలి. దాన్ని హైదరాబాద్ క్లౌడ్ కేంద్రంలో పెట్టి, వీడియో కాల్‌కు సొంత జిట్సీ సర్వరు అక్కడే నడుపుతున్నాం. ఆసుపత్రి ఫైర్‌వాల్‌లో (నెట్ రాకపోకలను అడ్డుకునే కాపలా) యూడీపీ అనే, పోయిన ప్యాకెట్ కోసం ఆగని డేటా పద్ధతికి 3478, 10000 పోర్టులు తెరవాలి. అవి మూసి ఉంటే కాల్ టీసీపీ మీదికి పడిపోతుంది. కలుస్తుంది, కానీ ఒక్క ప్యాకెట్ పోయినా దాని కోసం మిగతావన్నీ ఆగి ఆలస్యం పేరుకుపోతుంది. "కాల్ కలిసింది, కానీ బాగోలేదు" అన్న ఫిర్యాదుల్లో ముందు చూడవలసింది ఇదే.

స్క్రీన్ షేర్ మీద ఓబీఎస్ చట్రం పంపకూడదు. స్క్రీన్ షేర్ అంటే కాగితాలు, స్లైడ్లు అనుకుని కొన్ని వీడియో కాల్ వ్యవస్థలు సెకనుకు 5 ఫ్రేములకు తగ్గించేస్తాయి. ఓబీఎస్ వర్చువల్ కెమెరాను మామూలు కెమెరాగా ఎంచుకుంటే 30 ఫ్రేములు వెళ్తాయి. బ్యాక్‌గ్రౌండ్ మసక, మొహం అందం పెంచే ఫిల్టర్లు అన్నీ ఆఫ్.

రెండో లైను 4జీ/5జీ రూటరు, వేరే కంపెనీది. ఫైబరూ దాని బ్యాకప్పూ ఒకే స్తంభం మీదుగా వస్తే జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. అయితే రెండు లైన్ల రూటరు ఉంటే కాల్ తెగదు అనుకోవద్దు. లైను మారగానే అడ్రసు మారుతుంది, కాల్ మళ్లీ కట్టుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. సూది లోపల ఉన్నప్పుడు ఆ కొన్ని సెకన్ల మౌనం చాలా పెద్దది.

ఆగస్టు మొదటి వారం: మాట

చిత్రం పోయినా మాట ఉంటే డాక్టరును క్షేమంగా వెనక్కి తీసుకురావచ్చు. మాట పోయి చిత్రం మిగిలితే నిపుణుడు చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. అందుకే మాటకు ఇంటర్నెట్‌తో సంబంధం లేని రెండో దారి పెట్టాం: ప్రొసీజర్ మొదలయ్యే ముందే ఒక మామూలు ఫోన్ కాల్ కలిపి, మ్యూట్‌లో స్పీకరు మీద పక్కన ఉంచుతారు. సిమ్ మూడో కంపెనీది. వీడియో కాల్ మాట తెగిన వెంటనే నర్సు ఒక బటన్‌తో మ్యూట్ తీస్తారు. రెండూ ఒకేసారి తెరిచి ఉంచితే ప్రతిధ్వని వచ్చి ఎవరి మాటా వినపడదు కాబట్టి, ఎప్పుడూ ఒకటే తెరిచి ఉండాలి.

డాక్టరుకు మాస్కు కింద చెవి-నోటి హెడ్‌సెట్, గదికి ఒక యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్. వీడియో కాల్ యాప్‌లలో ఉండే శబ్ద నివారణ ఇక్కడ చెరుపు చేస్తుంది. పల్స్ ఆక్సీమీటరు బీప్‌ను అది చప్పుడుగా భావించి మింగేస్తుంది. ఆ బీప్ స్థాయి ఆక్సిజన్ పడిపోతే కిందికి దిగుతుంది, అనుభవం ఉన్న డాక్టరు తెర చూడకుండానే దాన్ని వింటారు. శబ్ద నివారణ ఆఫ్ చేసి, ప్రతిధ్వని నివారణ మాత్రం ఉంచాం. ఏసీ హోరు తగ్గించడానికి మైకును ఏసీ గాలి తగలని చోటికి జరపడమే మందు.

మాట్లాడే భాషకు నియమాలు పెట్టాం. కుడి, ఎడమ అనకూడదు. ఎవరి కుడి? రోగిదా, డాక్టరుదా, తెరదా? బదులుగా తలవైపు, నడుమువైపు, వెన్నెముక వైపు, చంకవైపు. ప్రోబ్ మీది గుర్తు ఎప్పుడూ తలవైపే ఉండాలి, తెర మీద గుర్తు ఎడమవైపు. చెప్పిన మాటను డాక్టరు తిరిగి పలకాలి: "ప్రోబ్ ఒక పక్కటెముక కిందికి, సార్?" "అవును, ఒకటి కిందికి." "ఆపండి" అనే మాటను సూది ఆపడానికే వాడాలి, ఇంకే సందర్భంలోనూ పలకకూడదు. నీరు ఎక్కించడం ఆపాలంటే "సెలైన్ బంద్ చేయండి, సిస్టర్" అనాలి.

ఆగస్టు రెండో వారం: ఆలస్యం లెక్క

కొలిచే పద్ధతి: చేతి కెమెరా ముందు ఫోన్‌లో మిల్లీసెకన్ల స్టాప్‌వాచ్ పెట్టండి. కర్నూలు గదిలోని తెరనూ, ఇక్కడి ఫోన్‌నూ ఒకే ఫొటోలో తీయడం కుదరదు కాబట్టి, ముందు రెండు చివరలనూ ఒకే గదిలోకి తెచ్చి, అవే రెండు కంపెనీల లైన్ల మీద కొలవాలి. మాకు చిత్రం ఆలస్యం 300 మిల్లీసెకన్ల దగ్గర ఉంటే మంచి రోజు. మాటకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ఒక వైపుకు 150 మిల్లీసెకన్లు.

ఇప్పుడు అసలు సంగతి. సూది తప్పు దారి పట్టిన క్షణం నుంచి ఆగే క్షణం దాకా ఎంత సమయం? చిత్రం నిపుణుడిని చేరడానికి 300, ఆయన గుర్తించి నోరు తెరవడానికి కనీసం 250, మాట ఇక్కడికి రావడానికి 150, డాక్టరు చేయి ఆగడానికి 250. మొత్తం 950 మిల్లీసెకన్లు, దాదాపు ఒక సెకను. సూది సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంటే "ఆపండి" అన్న మాట ఫలించే లోపు మరో 5 మిల్లీమీటర్లు దిగిపోతుంది. నీటి పొర పలచగా ఉన్నచోట ఊపిరితిత్తిని తాకడానికి అది చాలు.

ఈ లెక్క నుంచి రెండు నియమాలు వచ్చాయి. ఒకటి, స్కాన్‌లో నీటి లోతు కనీసం 15 మిల్లీమీటర్లు లేకపోతే లింకు మీద గుచ్చకూడదు, కర్నూలుకు పంపాలి. రెండు, సూదిని ఆపకుండా దింపకూడదు. 5 మిల్లీమీటర్లు దింపి ఆగాలి, సిరంజి వెనక్కి లాగి చూడాలి, "ముందుకు" అని వినిపించాకే మరో 5. నిదానం అనిపిస్తుంది, కానీ ఇలా చేస్తే లైను ఆలస్యం వల్ల జరిగే ప్రమాదం చాలావరకు పోతుంది. నిపుణుడు చూస్తున్నారనే ధైర్యంతో చేయి వేగం పెంచడమే ఈ పద్ధతిలో అతి పెద్ద ప్రమాదం.

గీత గీసి చూపే సౌకర్యానికీ ఇదే తర్కం. కదిలే చిత్రం మీద నిపుణుడు గీసిన వృత్తం ఇక్కడికి చేరే లోపు ప్రోబ్ జరిగిపోతుంది. కాబట్టి ముందు ఫ్రీజ్, తర్వాతే గీత.

2001 సెప్టెంబరు 7న సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని రోబో చేతులతో తీసేశారు. ఆ రోజు ఆలస్యం సగటున 155 మిల్లీసెకన్లు, దానికోసం ప్రత్యేకంగా కేటాయించిన ఫైబర్ లైను. మన రాయలసీమలోనే చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చిలో ఉపగ్రహ లింకుతో టెలిమెడిసిన్ మొదలైంది. 36,000 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహానికి వెళ్లి రావడానికే పావు సెకను పోతుంది, అయినా సలహాకు అది అడ్డు కాలేదు. ఎంత ఆలస్యం తట్టుకోగలం అన్నది చేసే పనిని బట్టి తేలుతుంది. బజారులో దొరికే బ్రాడ్‌బ్యాండ్ మీద నిపుణుడి మాట తెచ్చుకోవచ్చు, చేయి తెచ్చుకోకూడదు.

ఆగస్టు నాలుగో వారం: జెలటిన్ ఛాతీ మీద సాధన

రోగి దగ్గరికి వెళ్లే ముందు సాధనకు ఒక దిమ్మ కావాలి. వంటగదిలోనే తయారవుతుంది. లీటరు నీటికి 100 గ్రాముల జెలటిన్, 12 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు. చల్లటి నీటిలో జెలటిన్ నానబెట్టి, మరగకుండా వేడి చేసి కరిగించి, కొంచెం చిక్కబడ్డాక ఇసబ్‌గోల్ కలపాలి. వేడిగా ఉన్నప్పుడే కలిపితే అడుక్కు దిగిపోతుంది. ఇసబ్‌గోల్ వల్లే స్కాన్‌లో కండరం లాంటి బూడిద రంగు వస్తుంది, అది లేకపోతే దిమ్మంతా నల్లగా నీరులా కనిపించి సాధన పనికిరాదు. గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి కట్టిన గ్లవ్ వేలు మధ్యలో పెడితే నీటి పొర. పైపొరలో వేలెడు ఎడంతో నాలుగు వెదురు పుల్లలు పెడితే పక్కటెముకలు, వాటి నీడ అచ్చం ఎముక నీడలాగే పడుతుంది. కొన్ని చుక్కల యాంటీసెప్టిక్ కలిపి ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టదు.

పుల్ల పై అంచును ఆనుకుని గుచ్చడం ఇక్కడే అలవాటు కావాలి. పక్కటెముక కింది అంచు వెంట రక్తనాళాలు, నరం నడుస్తాయి కాబట్టి, ఎప్పుడూ కింద ఉన్న ఎముక పై అంచు మీదుగానే సూది వెళ్లాలి.

సాధన మధ్యలో చెప్పకుండా ఫైబర్ తీగ పీకడం ఈ దశలో అన్నిటికంటే విలువైన పని. ఒకసారి నెట్, ఒకసారి మాట మాత్రమే, ఒకసారి మెయిన్ కరెంటు. ప్రతిసారీ చూడవలసింది ఒకటే: డాక్టరు చేయి ఎక్కడ ఆగింది? కళ్లు తెర వైపు తిరిగి, చేయి సూదిని వదలకుండా గాలిలో నిలబడితే అది ప్రమాదం. అందుకని మౌనం వస్తే పాటించే వరుస రాశాం. మూడు సెకన్లు మాట రాకపోతే సూది కదపకూడదు. నర్సు ఫోన్ మ్యూట్ తీసి "కర్నూలు సార్, వినపడుతోందా?" అంటారు. పది సెకన్లలో జవాబు లేకపోతే, నీరు ఇంకా రాకముందైతే సూది తీసేయాలి. నీరు వస్తున్న స్థితిలో క్యాన్యులా (సన్నని గొట్టం) అప్పటికే లోపల ఉంటే, మూడు దారుల స్టాప్‌కాక్ (గొట్టానికి ఉండే కుళాయి) మూసి, రోగి ఆక్సిజన్ చూసుకుని, ఆ తర్వాత తన నిర్ణయం. లైను కలిపే పని డాక్టరుది కాదు, పూర్తిగా టెక్నీషియన్‌ది. కంప్యూటరు వైపు డాక్టరు తల తిప్పకూడదు.

సెప్టెంబరు: రోగుల దగ్గర

రోగికి చెప్పే మాటలు ఇలా ఖరారయ్యాయి: "పెద్దాయనా, కర్నూలులో పెద్ద డాక్టరుగారు ఈ తెరలో చూస్తూ మాకు చెప్తారు. మీ మొహం కనపడదు, రికార్డు చెయ్యం. మీకు వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పండి, మామూలుగానే చూస్తాం." అంగీకారం కేసు షీట్‌లో రాసి, నిపుణుడి పేరు, మొదలైన వేళ, ముగిసిన వేళ, ఇచ్చిన సలహా డాక్టరు చేత్తోనే రాయాలి.

లింకు మీద మొదలుపెట్టకూడని రోగులు: ప్లేట్‌లెట్లు 50,000కు తక్కువ, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే పరీక్ష) 1.5కు మించి, వెంటిలేటర్ మీద ఉన్నవారు, స్కాన్‌లో నీటి మధ్య పొరలు పొరలుగా గోడలు కట్టినవారు. ఒక విడతలో 1.5 లీటర్లకు మించి తీయకూడదు. ఛాతీ బిగువుగా ఉందన్నా, ఆగని దగ్గు వచ్చినా అంతకు ముందే ఆపాలి. ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే అందులోకి నీరు చేరే ప్రమాదం ఉంది. ఈ దగ్గును నిపుణుడు వినాలి, శబ్ద నివారణ ఆఫ్ చేయడానికి ఇది రెండో కారణం.

వాడకంలో బయటపడినవి చిన్నవే, కానీ పని ఆపేవి. విండోస్ అప్‌డేట్ మధ్యలో లేచి కూర్చోవడం: ఆటో అప్‌డేట్ ఆపి, వారానికి ఒకసారి టెక్నీషియన్ చేత్తో చేయిస్తున్నాం. స్కాన్ యంత్రం ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రలోకి వెళ్లడం: ఆ సెట్టింగు తీసేయాలి. క్యాప్చర్ కార్డు వేడెక్కి చిత్రం పోవడం: కార్డును కంప్యూటరు వెనక ఇరికించకుండా చిన్న పొడిగింపు తీగతో బయట వేలాడదీయాలి. ఉదయం ఓపీ మొదలు కాకముందే టెక్నీషియన్ గడియారం, తట్టు పరీక్ష, ఫోన్ కాల్, యూపీఎస్ చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేని రోజు లింకు లేనట్టే.

అక్టోబరు: తర్వాత ఆపరేషన్ థియేటరు (ఓటీ)

చిన్న రంధ్రాల్లోంచి కెమెరా దింపి ఆపరేషన్ చేసే ల్యాపరోస్కోపీ గదికి ఇదే లింకు తీసుకెళ్లమని సర్జన్లు అడుగుతున్నారు. అక్కడ రెండు కొత్త చిక్కులు ఉన్నాయి. మోనోపోలార్ కాటరీ (కరెంటుతో కణజాలాన్ని కోసి, రక్తం ఆపే పరికరం) నొక్కగానే యూఎస్‌బీ పరికరాలు ఊడిపోతాయి, వీడియోలో మంచు కురుస్తుంది. కాటరీ తీగకూ వీడియో తీగకూ కనీసం అర మీటరు ఎడం, రెండూ కలిసే చోట లంబంగా దాటించడం, యూఎస్‌బీ తీగ రెండు చివరలా ఫెర్రైట్ కోర్లు (విద్యుత్ అలజడిని అడ్డుకునే దిమ్మలు), కెమెరా యూనిట్ నుంచి డీవీఐ బదులు ఎస్‌డీఐ రకం వీడియో తీసుకోవడం, వీటిని ముందు రోగి లేని గదిలో పరీక్షించాలి. రెండోది ఎరుపు. వీడియో కుదించేటప్పుడు రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే తక్కువగా ఉంచుతారు. ఎర్రటి కణజాలం మీద ఎర్రటి సన్నని నాళం రంగు తేడాతోనే కనిపిస్తుంది కాబట్టి అదే ముందు చెరిగిపోతుంది. 4 ఎంబీపీఎస్ చాలకపోవచ్చు, 8కి పెంచి అసలు మానిటరు పక్కన పెట్టి పోల్చాలి.

అన్నిటికంటే ముందు తేలవలసింది ఏ అడుగుల దాకా లింకు మీద చేయవచ్చు అన్నది. పోర్టులు (పరికరాలు లోపలికి పంపే గొట్టాలు) పెట్టడం, కడుపులోపల చూసి నిర్ధారించడం వరకు ఇక్కడి సర్జన్ ఎక్కడైనా ఆపి బయటికి రావచ్చు. పిత్తాశయ నాళాన్ని క్లిప్ వేసి కోసే అడుగు అలా వెనక్కి తీసుకోలేనిది. దాని ముందు ఫ్రీజ్ చేసిన చిత్రం మీద ఇద్దరు సర్జన్లూ నాళాన్నీ, ధమనినీ పేరు పెట్టి గుర్తించి, ఒప్పుకుని, ఆ తర్వాతే కత్తెర కదపాలన్నది ముసాయిదా. లైను తెగితే ఓపెన్ సర్జరీకి మారి పూర్తి చేయగల సర్జన్ గదిలో లేని రోజు ఆ కేసు పెట్టకూడదు. ఎస్‌డీఐ క్యాప్చర్ కార్డు, ఫెర్రైట్ కోర్లు ఆర్డరు పెట్టాం. కాటరీ పరీక్షకు ఓటీ ఖాళీగా ఉండే ఆదివారం అడిగాం.